పది నిమిషాలతో మొదలుపెట్టండి

"పొద్దస్తమానం మిరప చేలో వంగే ఒంటికి వేరే కసరత్తు దేనికండీ?" అని నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో అడుగుతుంటారు. న్యాయమే, కోతలున్నన్నాళ్ళూ అక్కర్లేదు. మరి కాన్పయి ఇంటిపట్టున ఉన్న నెలల్లోనో?

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి శ్రమ బాలింతకూ మంచిదని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఐదు రోజులు, రోజుకు అరగంట. మొదటిరోజే అరగంట నడిచిన తల్లి మూడోనాడు గడప దాటదు. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికో ఐదు నిమిషాలు పెంచండి. ఆపరేషను కాన్పయితే ముందు డాక్టరమ్మను అడగండి. రక్తస్రావం ఎక్కువైతే ఆగి, ఆరోగ్య కేంద్రానికి రండి.

ఒకనాడు తప్పిందా, మర్నాడు రెట్టింపు నడవొద్దు, మామూలుగానే నడవండి. అయ్యా, ఆ పది నిమిషాలూ చంటిబిడ్డను మీరెత్తుకోవాలి. చాలా ఇళ్ళలో నడక ఆగేది అక్కడే.