చింతపల్లి కొండ మీది దీపం



సందెవేళ గుమ్మంలో దీపం పెడతాం. ఎందుకని పిల్లలు అడిగితే, లక్ష్మి ఇంట్లోకి రావాలని చెబుతాం. దీపమంటే పిలుపేనని మన అలవాటు. కాని సముద్రపు ఒడ్డున ఒక దీపం ఉంది. "ఇటు రాకండి" అని చెప్పడానికే దాన్ని వెలిగించారు. మన ఆత్మకూరు వాళ్ళకి నల్లమల గుమ్మం ముందుంది గాని సముద్రం చాలా దూరం. అందుకని ఈవేళ ఆ దీపం సంగతి చెప్పుకుందాం.

విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలంలో చింతపల్లి అనే ఊరుంది. తెల్లవాళ్ళ నోట అది శాంతపిల్లి అయింది. అక్కడి లైట్‌హౌసుకు నేటికీ ఆ పేరే. 1847లో, కుంఫిణీ వారి కాలంలో, దాన్ని కొండ మీద కట్టారు. పెద్ద రేవు కాని చోట అంత ఖర్చెందుకూ అంటే, ఒడ్డుకు సుమారు 10 కిలోమీటర్ల దూరాన సముద్రంలో నీళ్ళ చాటున రాళ్ళున్నాయి. భీమునిపట్నం వచ్చే ఓడలకు ఆ రాళ్ళే గండం. భీమిలి అప్పట్లో పేరున్న రేవు. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలోనే అక్కడ వర్తకం సాగించారు, వారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. రేవంటే గోడలు కట్టిన హార్బరు అనుకునేరు! ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, సరుకులు పడవల మీద ఒడ్డుకు చేరేవి. చీకట్లో దారి తప్పిన ఓడకు ఊరు కనబడక ముందే రాయి తగిలేది.

చెన్నపట్నంలో 1796లోనే కోటలోని మేడ మీద నూనె దీపాలు వెలిగించి ఓడలకు రేవు జాడ చూపారు. 1844లో వేరే స్తంభం కట్టారు, హైకోర్టు ఆవరణలో అది ఇంకా నిలిచే ఉంది. అది పిలిచే దీపం. చింతపల్లిది వారించే దీపం. నాకైతే ఈ రెండోదే ఎక్కువ ఆత్మీయంగా తోస్తుంది. పేరంటానికి పిలిచేవాళ్ళు పదిమంది ఉంటారు. "మెట్టు జారుతుంది, చూసుకో తల్లీ" అనే మనిషి ఒక్కరే కదా.

మరి అంత దూరం వెలుగెలా పోతుంది? ఫ్రెనెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1820ల్లో ఒక ఉపాయం చేశాడు. దీపం చుట్టూ చెక్కిన గాజు ముక్కలను వలయాలుగా పేర్చి, నాలుగు దిక్కులా చెదిరిపోయే వెలుతురును ఒక్క కట్టగా సముద్రం మీదికి మళ్ళించాడు. చిమ్నీకి మసి పడితే లాంతరు ఎంత మసకేస్తుందో మనకు చెప్పనక్కర్లేదు. నూనె దీపాల రోజుల్లో వత్తి కత్తిరించడం, అద్దాలు తుడవడం కాపలాదారుకు నిత్యవిధి. ఇంకొక చిత్రం ఉంది. ఒక్కొక్క లైట్‌హౌసుకు ఇన్ని సెకన్లకు ఇన్ని మెరుపులని లెక్క వేరు. నావికుడు గడియారం చూసుకుని ఆ మెరుపులు లెక్కపెట్టి, తానే తీరం దగ్గరున్నాడో పోల్చుకుంటాడు.

1933లో విశాఖ హార్బరు తెరిచాక భీమిలి సందడి క్రమేణా తగ్గింది. ఇప్పుడు ఓడలకు ఉపగ్రహాలే దారి చెబుతున్నాయి. ఇంకా ఈ దీపాలెందుకండీ అనేవారూ ఉన్నారు. కాని రాళ్ళు అక్కడి నుంచి కదల్లేదే! యంత్రం మొరాయించిన రాత్రి, చిన్న పడవలో వల వేసుకుని పోయిన జాలరికి ఆ మెరుపే ఆధారం. అతనికోసం గుడిసెలో అన్నం మూతపెట్టి కూర్చున్న ఇల్లాలిని అడిగి చూడండి, దీపం తీసెయ్యమంటుందేమో!

సెలవులకు పిల్లలతో విశాఖపట్నం వెళితే ఒక పూట చింతపల్లి కూడా వెళ్ళి రండి. స్తంభం ముందు ఫొటో తీయించుకోండి, కాదనను. ఆ తరువాత పిల్లలను సముద్రం వైపు తిప్పి, ఆ రాళ్ళు ఎటువైపున ఉన్నాయో అక్కడి జాలరులను చూపించమనండి.