తేదీల్లో ఏది ముందు, ఏది వెనుక?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సర్వీసంతా తేదీల చుట్టూనే తిరిగింది. పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఇంక్రిమెంటు తేదీ, రిటైరైన తేదీ. రిజిస్టరులో రెండు తేదీలు కనబడితే ఏది ముందో మన కన్నే చెప్పేది. ఇప్పుడా పని కంప్యూటరు చేస్తోంది. ఎలా చేస్తుందో మా మనవరాలు పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలో చూపించింది. మనందరికీ పనికొచ్చే సంగతి గనుక మనవి చేస్తున్నాను.

05-11-1946, 12-03-1940 అనే రెండు తేదీలు తీసుకోండి. వీటిని ఉత్త అక్షరాలుగా ఇస్తే, 1946 తేదీయే ముందని కంప్యూటరు చెబుతుంది. నిఘంటువులో మాటలు పేర్చినట్లు అది ఎడమ నుంచి ఒక్కొక్క అక్షరమే పోల్చుతుంది. 1 కంటే 0 చిన్నది. అక్కడితో తీర్పు అయిపోయింది. సంవత్సరం దాకా పోనే పోదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. సంవత్సరం, నెల, రోజు వరుసలో 1940-03-12 అని రాస్తే అక్షరాలుగా పోల్చినా తప్పు రాదు. 1988లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం చెప్పే వరుస ఇదే. రెండవది, ఇవి అక్షరాలు కావు, తేదీలని భాషకే చెప్పడం. పైథాన్‌లో అందుకు ‘డేట్’ అనేది ఉంది. సరిగా పోల్చడమే కాదు, రెండు తేదీల మధ్య ఎన్ని రోజులో లీపు సంవత్సరాలతో సహా లెక్కగడుతుంది. ఫిబ్రవరి 30 అని ఇస్తే ఒప్పుకోదు.

అయితే ఏ అంకె రోజో, ఏది నెలో చెప్పవలసింది మనిషే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు 80 ఏళ్లు నిండే నెల 1వ తేదీ నుంచి మూల పెన్షనుపై 20 శాతం అదనం. 11-05-1946న, అంటే మే నెలలో పుట్టినవారికి 2026 మే 1 నుంచి రావాలి. అమెరికా వారిలా నెల ముందనుకుంటే అది నవంబరు 5 అవుతుంది. మూల పెన్షను 20,000 రూపాయలైతే నెలకు 4,000 చొప్పున ఆరు నెలలకు 24,000, దానిపై కరువు భత్యం అదనంగా నష్టం. రోజు 12 దాటితే అంకెలు తారుమారైనా తప్పు బయటపడుతుంది, అన్ని నెలలు లేవు గనుక. 12 లోపు పుట్టినవారే జాగ్రత్తగా ఉండాలి.

కనుక ప్రతివారూ పి.పి.ఓ. తీసి చూసుకోండి. దరఖాస్తుల్లో వీలున్నచోట నెల పేరు అక్షరాల్లో, ‘11 మే 1946’ అని రాయండి. మీ భార్య లేక భర్త పుట్టిన తేదీ కూడా సరిచూడండి. కుటుంబ పెన్షనుకూ ఈ అదనపు నియమం ఉంది. మన తరువాత ఆ కాగితం పట్టుకుని తిరగవలసినవారు వారే.