అమ్మమ్మ సంపెంగ చెట్టుని నేనే చంపేశాను: మాగ్నోలియా పెంచాలనుకునేవాళ్ళు ముందు ఇది వినండి

రీల్స్‌లో ఆకు ఒక్కటి కూడా లేకుండా కొమ్మల నిండా గులాబీ రంగు పూలున్న చెట్టు చూసి, "ఇది మన ఇంట్లో వస్తుందా?" అని చాలామంది అడుగుతున్నారు. అది మాగ్నోలియా. దాని సంగతి చెప్పేముందు ఒక మాట. మాగ్నోలియా మన పెరళ్ళలో ఎప్పట్నుంచో ఉంది. మనం దాన్ని సంపెంగ అంటాం.

నిజంగానే! పాత పుస్తకాల్లో సంపెంగని మిచెలియా చంపక అని రాసేవారు. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాన్ని మాగ్నోలియా చంపక అంటున్నారు. సింహాచలం సంపెంగలు తెలుసు కదా, అవే. ఈ జాతి ఎంత పాతదంటే, తేనెటీగలు రాకముందు నుంచే ఉందని చెబుతారు. అందుకే ఈ పూల దగ్గరికి ఎక్కువగా పెంకు పురుగులు వస్తాయి.

ఇక రీల్స్‌లో చెట్టు. 1820ల్లో పారిస్ దగ్గర సూలాంజ్ బోదాన్ అనే ఆయన రెండు చైనా మాగ్నోలియాలని కలిపితే వచ్చిన రకం అది. దానికి చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చల్లదనం కావాలి. విజయవాడ ఎండల్లో పెట్టి డబ్బులు పోగొట్టుకోకండి. అమెరికాలో, డాలస్, అట్లాంటా వైపు ఉన్నవాళ్ళు అయితే గ్రాండిఫ్లోరా చూడండి. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, పెద్ద తెల్ల పూలు. చిన్న యార్డ్ అయితే అందులోనే లిటిల్ జెమ్ అనే రకం అడగండి. మన దగ్గర మాత్రం సంపెంగే.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మమ్మ పెరట్లో సంపెంగ చెట్టు ఉండేది. మా అమ్మ పెళ్ళికి ముందే నాటిందట. అమ్మమ్మ పోయాక మామయ్య పాత ఇల్లు తీసేసి కొత్తది కట్టాలనుకున్నాడు. చెట్టు సరిగ్గా పిల్లర్ గుంట దగ్గర ఉంది. "కొట్టేద్దాంలే" అన్నాడు మామయ్య. నేనే అడ్డుపడ్డాను. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, "చెట్టుని వేళ్ళతో సహా తీసి వేరేచోట పెట్టొచ్చు మామయ్యా" అని ధైర్యంగా చెప్పేశాను. మే నెల. జేసీబీ తెప్పించాం. పెళ్ళల్లే లేచింది చెట్టు. అందరం చప్పట్లు కొట్టాం.

రెండు వారాల్లో ఆకులన్నీ రాలాయి. గోటితో బెరడు గీకి చూస్తే మొదట్లో పచ్చగా ఉండేది. వానలు పడే టైంకి అంతా గోధుమ రంగు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ బాధేసింది.

తర్వాత తెలిసింది ఏంటంటే, మాగ్నోలియా వేళ్ళు లావుగా, కండగా, తాళ్ళలా ఉంటాయి. తెగితే త్వరగా కోలుకోవు. ఎదిగిన చెట్టుని కదపడం చాలా రిస్క్. పైగా నేను కదిపింది మండుటెండల్లో.

అందుకే నాటేముందే ఆలోచించుకోండి. సంపెంగ పెద్ద చెట్టు అవుతుంది. గోడకీ, సెప్టిక్ ట్యాంకుకీ కనీసం పదిహేను అడుగుల దూరంలో పెట్టండి. వానాకాలం మొదట్లో నాటండి. ఎండ బాగా తగలాలి, నీళ్ళు మాత్రం నిలవకూడదు. మొదట్లో ఎండుటాకులు పరిచి తేమ కాపాడండి. ఆకు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే, చాలాసార్లు ఐరన్ అందట్లేదని అర్థం. సున్నం ఎక్కువున్న నేలలో, ఉప్పు బోరు నీళ్ళతో ఇది మామూలే. కొమ్మలు అవసరానికి మించి కొట్టకండి.

విత్తనం మొక్క పూయడానికి ఏళ్ళు పడుతుంది. అంటు మొక్క చాలా ముందే పూస్తుంది. మేడ మీద పెద్ద డ్రమ్ములో పెట్టాలనుకుంటే అంటు మొక్కే కొనండి.

ఇంకొకటి. మీ ఊళ్ళో పాత ఇల్లు తీసేస్తున్నారా? అక్కడ సంపెంగ ఉందా? ముందే కాయలు చూడండి. కాయ పగిలితే ఎర్ర గింజలు కనిపిస్తాయి. పక్షులు తినేలోపు ఏరి, ఎర్ర గుజ్జు కడిగేసి, ఎండబెట్టకుండా వెంటనే నాటండి. ఎండితే మొలకెత్తడం కష్టం. లేదా అంటు కట్టడం తెలిసినవాళ్ళని పిలిచి, చెట్టు బతికుండగానే ఓ కొమ్మ నుంచి అంటు కట్టించుకోండి. నేను జేసీబీకి ఫోన్ చేసేముందు ఈ పని చేసుండాల్సింది.

కడియం నుంచి అంటు మొక్క తెచ్చి మా ఇంట్లో పెట్టాను. మొన్న మొదటి పువ్వు పూసింది. అమ్మకిచ్చాను. వాసన చూసి, "బాగుంది రా. మనదానికి ఇంకొంచెం ఘాటు ఉండేది" అంది. తల్లో పెట్టుకుని లోపలికెళ్ళింది.

మీ ఇంట్లో సంపెంగ ఎవరు నాటారో కామెంట్‌లో చెప్పండి. ఉంటానండీ.