రెట్టూ, ఇంతా

ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మాకు లెక్కలు చెప్పారు. ‘రెండు రెట్లు’ అన్న పిల్లవాణ్ణి కూర్చోనిచ్చేవారు కాదు. ‘దేనికి రెండు రెట్లు?’ అని రెట్టించి అడిగేవారు. ఈరోజు నా మాటలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

ఇంగ్లీషులో ‘ట్వైస్’ అనే చిన్న మాట ఉంది. అనంతపురం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లో, రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల విషయంలో దాని 8వ సెక్షన్ ఏం చెప్పిందంటే, రైతు అసలుకు ‘ట్వైస్’ కట్టి ఉంటే చాలు, అసలు కింద కట్టినా వడ్డీ కింద కట్టినా, ఆ బాకీ తీరిపోయినట్టే. నూరు తెచ్చుకున్నవాడు మొత్తం రెండు నూర్లు కట్టి ఉంటే పత్రం చెల్లు. ఇదే మాటను ‘అసలుకంటే రెండు రెట్లు ఎక్కువ’ అని తెలుగు చేశారనుకోండి. అసలు నూరు, దాని పైన రెండు నూర్లు, వెరసి మూడు నూర్లు. ‘ఎక్కువ’ అన్న ఒక్క మాటకు రైతు నెత్తిన ఇంకో నూరు పడుతుంది.

ఇప్పటికీ మనం ఇలాగే రాస్తున్నాం. మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. విశాఖ వైపు 1,100 దాకా పడుతుంది. అది మనకు రెండింతలు. ‘మనకంటే రెండు రెట్లు ఎక్కువ’ అంటే 1,650 అని లెక్క తేలుతుంది. ‘వాన మూడు రెట్లు తగ్గింది’ అనేది మరీ అన్యాయం. ఒక రెట్టు తగ్గితేనే సున్నా కదా, ఇంకా తగ్గడానికి ఏముంది? మూడో వంతే పడింది అంటే సరిపోతుంది.

రెండింతలను చెప్పే పాత మాటలు మనకు ఉన్నాయి. కన్నడానికి ఆనుకున్న సీమ మనది. పెనుకొండలో బందీగా బతికిన విజయనగర రాజు ఇమ్మడి నరసింహుడి పేరులో ‘ఇమ్మడి’ అంటే రెండవ అని. ఆ మాటకు రెండింతలనే అర్థం కూడా ఉంది. మన ‘ఇనుమడి’ దాని తోబుట్టువే. ఇనుమడించడం అంటే రెండింతలు కావడం. ఇప్పుడు ఉత్త పెరగడమే. ‘ఇబ్బడి ముబ్బడి’లో రెండూ మూడూ పోయి ‘బోలెడు’ మిగిలింది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

‘ఇంత’ మాత్రం ఇంకా చెడలేదు. ఇంత అన్నామంటే చేత్తో చూపాలి. చూపిందే మొదలు, దాన్నిబట్టే మిగతా కొలత. అందుకే ‘మూడింతలైంది’ అంటే తగాదా రాదు.

రైతు పంటను కొలిచేదీ ఇంతల్లోనే. శెనక్కాయ విత్తనం ఒకటి వేస్తే ఎనిమిది పదింతలు దక్కడమే గొప్ప. సజ్జ అయితే వందల ఇంతలు. కదిరి పరిశోధన కేంద్రంలో కొత్త శెనక్కాయ రకం పుట్టినా చేలన్నిటికీ చేరడానికి ఏళ్లు పట్టడానికి ఈ తక్కువ ఇంతలే ఒక కారణం. ఒక జూన్‌లో, వాన కోసం చూస్తూ విత్తనం ఒలుస్తున్న అవ్వను అడిగాను, ఏ మాత్రం పండితే గిట్టుతుందని.

‘‘ఎనిమిదింతలొస్తే సాలు నాయనా’’ అంది.

‘‘దేనికవ్వా?’’

చేటలోంచి దోసెడు విత్తనాలు తీసి నా ముందుకు చాపింది.