మధుమేహం ముందు పాదాలనే ఎందుకు పడుతుంది?

మధుమేహంలో నరాలు దెబ్బతినడం ఎక్కువగా కాలివేళ్ల దగ్గరే మొదలవుతుంది. చక్కెర కాళ్లలోకి దిగిందనే మాటలో పస లేదు. రక్తంలోని గ్లూకోజు తలకూ కాలికీ అదే. తేడా నరం పొడవులో ఉంది.

బొటనవేలి స్పర్శను మోసే నరకణం అసలు దేహం నడుము దగ్గర, వెన్నుపాము పక్కనున్న చిన్న ముడిలో ఉంటుంది. అక్కడి నుంచి దాని పోగు సుమారు మీటరు దూరం సాగి వేలి కొసను చేరుతుంది. ఆ పోగుకు కావలసిన ప్రోటీన్లలో అధికభాగం కణదేహంలోనే తయారై రావాలి. వడిగా కదిలే సరుకు రోజుకు 400 మిల్లీమీటర్ల దాకా పోతుంది. పోగు ఆకారాన్ని నిలిపే ప్రోటీన్లది మాత్రం రోజుకు ఒక మిల్లీమీటరు నడక. ఎవరైనా లెక్క వేసుకోవచ్చు: నడుము దగ్గర బయలుదేరినది వేలికి చేరడానికి రెండున్నరేళ్లు దాటుతుంది. కాలువకు నీరు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టే. అందుకే తిమ్మిరి వేళ్ల నుంచి పిక్కల మీదుగా పైకి పాకుతుంది. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్లూ మొద్దుబారడం మొదలవుతుంది.

ఇక కణం లోపలి సంగతి. గ్లూకోజును తీసుకోవడానికి కండరానికి ఇన్సులిన్ కావాలి, నరకణానికి అక్కర్లేదు. రక్తంలో పెరిగిందంటే నరంలోనూ పెరిగినట్టే. ఆ మిగులును ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము సార్బిటాల్‌గా మారుస్తుంది. ఆ పనిలో ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు ఖర్చయిపోతుంది. కణాన్ని కాపాడే గ్లూటాథయోన్ మళ్లీ తయారు కావడానికీ అదే ఆధారం. మరోపక్క మైటోకాండ్రియాలో సూపర్ ఆక్సైడ్ పెరుగుతుంది, ప్రోటీన్లకు చక్కెర అంటుకుని అవి పాడవుతాయి. నరాన్ని పోషించే సన్నని రక్తనాళాల గోడలు మందమై ఆక్సిజన్ తగ్గుతుంది. ఇన్ని దారులుండగా ఒక్క ఎంజైమును అడ్డుకుంటే చాలనుకోవడం అత్యాశే. ఆ ఆశతో వచ్చిన మందు టోల్‌రెస్టాట్‌ను కాలేయానికి హాని చేస్తున్నందున 1996లో ఉపసంహరించారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ, మంట తగ్గితే జబ్బు తగ్గిందనుకోవడం. నొప్పిని మోసే సన్నని పోగులు చచ్చిపోయినా మంట ఆగుతుంది! అప్పుడు ముల్లు దిగినా తెలియదు, పుండు పడినా తెలియదు. 'బలం సూదుల' మోజు మరొకటి. విటమిన్ బి12 లోపం ఉన్నవారికి బి12 మేలు చేస్తుంది. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో ఆ లోపం రావచ్చు గనుక పరీక్ష చేయించుకోవాలి. లోపమే లేనివారికి ఆ సూదితో నరాలు బాగుపడవు.

గుండె, జీర్ణాశయం, మూత్రాశయాల నరాలూ ఇలాగే చెడతాయి. అందువల్లే కొందరికి గుండెపోటు నొప్పి లేకుండానే వస్తుంది. చక్కెరను గట్టిగా అదుపు చేస్తే టైప్ 1 రోగుల్లో నరాల జబ్బు దాదాపు 60 శాతం తగ్గిందని 1993లో వెలువడిన డీసీసీటీ అధ్యయనం చూపింది. టైప్ 2లో అంత ఫలితం కనిపించలేదు. అక్కడ బరువు, కొవ్వులు, రక్తపోటు కూడా చూసుకోవాలి. పాదం స్పర్శను పరీక్షించడానికి 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ పోగు చాలు. టైప్ 2 మధుమేహం ఉన్నవారు జబ్బు బయటపడిన నాటి నుంచే ఏడాదికొకసారి మేజోళ్లు విప్పి, ఆ పరీక్ష చేయమని వైద్యుణ్ణి అడగాలి.