బాంబుకు మతం లేదు, న్యాయానికి రెండు తూకాలు ఉండరాదు

(బనగానపల్లెలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక దేశం అణ్వాయుధ పరీక్ష జరిపినప్పుడు ప్రపంచ దేశాలు ఏ విధంగా స్పందిస్తున్నాయి, ఆ స్పందనలో న్యాయం ఎంత అన్నది ఈనాడు మాకు అప్పగించిన అంశం. నాపరాళ్ల గనుల్లో పని చేసేవారికీ, మామిడి తోటలు నమ్ముకొన్నవారికీ ఈ చర్చతో ఏమి పని అని కొందరికి అనిపించవచ్చు. పని ఉన్నదనే మేము భావిస్తున్నాము. అందుకు కారణాలను మీ ముందు ఉంచుతాము.

1998 మే 11న మూడు, 13న రెండు అణుపరీక్షలను మన దేశం పోఖ్రాన్‌లో జరిపింది. మే 28న, 30న పాకిస్తాన్ బలూచిస్తాన్‌లో తన పరీక్షలు జరిపింది. అమెరికా తన 1994 నాటి చట్టం ప్రకారం రెండు దేశాలపైనా ఆంక్షలు విధించింది. జపాన్ కొత్త సహాయాన్ని నిలిపివేసింది. ఆస్ట్రేలియా, కెనడా ఢిల్లీలోని తమ హైకమిషనర్లను వెనక్కి పిలిపించుకొన్నాయి. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా విమర్శించినా ఆంక్షల జోలికి పోలేదు. జూన్ 6న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1172వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇకపై పరీక్షలు జరపవద్దని, ఆయుధాల అభివృద్ధి ఆపాలని, కాశ్మీర్ సహా వివాదాలను చర్చలతో పరిష్కరించుకోవాలని రెండు దేశాలనూ కోరింది.

ఆ తీర్మానంలోని మాటలు మంచివే. అయితే ఆ మాటలు చెప్పినది ఎవరు? మండలిలోని అయిదు శాశ్వత సభ్యదేశాలూ అణ్వాయుధాలు గలవే. అమెరికా ఒక్కటే అప్పటికి వెయ్యికి పైగా పరీక్షలు జరిపి ఉన్నది. ఫ్రాన్స్, చైనా 1996 వరకూ పరీక్షలు కొనసాగించినవే. హిరోషిమా, నాగసాకి గాయాన్ని మోస్తున్న జపాన్ బాధపడితే ఆ బాధకు ఒక అర్హత ఉన్నది. గోదాము నిండా బాంబులు పెట్టుకొని ఇతరులకు అహింస బోధించేవారికి ఆ అర్హత ఎక్కడిది?

ఆంక్షల భారం ఎవరిమీద పడుతుందో కూడా చూడవలసి ఉన్నది. పాకిస్తాన్ ప్రభుత్వం పరీక్షలు జరిపిన మే 28ననే ప్రజల విదేశీ కరెన్సీ ఖాతాలను స్తంభింపజేసింది. కువైట్‌కో, దుబాయ్‌కో బిడ్డలను పంపి, వారి చెమట సొమ్ముమీద ఇల్లు గడుపుకొనే మన కడప, కర్నూలు కుటుంబాలకు దాని అర్థం వివరించనక్కర లేదు. మన దేశం అదే ఏడాది ఆగస్టులో ప్రవాస భారతీయులకు బాండ్లు అమ్మి 400 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చుకొని నిలదొక్కుకొన్నది. అయినా మన రాష్ట్రానికి సెగ తగలకపోలేదు. 1998 జూన్ 12న జీ-8 విదేశాంగ మంత్రులు లండన్‌లో సమావేశమై, ప్రజల కనీస అవసరాలకు సంబంధించని రుణాలు వాయిదా పడాలని నిర్ణయించారు. ఆ నెలాఖరులో ప్రపంచబ్యాంకు ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 54 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. అందులో ప్రాథమిక విద్య, వైద్యం, పోషకాహారం, నీటిపారుదల, రోడ్లు ఉన్నాయి. ఆ రుణం మంచిదా, చెడ్డదా అన్నది వేరే చర్చ. రాజస్థాన్ ఎడారిలో పేలిన బాంబు కారణంగా మన పల్లెలోని బడి, అంగన్‌వాడీ విదేశాల బేరసారాల బల్లమీదికి వెళ్లాయన్నది మనం గమనించవలసిన సంగతి.

తరువాత ఏమైంది? 2001 సెప్టెంబర్ 22న అధ్యక్షుడు బుష్ ఆ ఆంక్షలను తొలగించారు. అమెరికాపై దాడులు జరిగి అప్పటికి 11 రోజులు. ఈ మూడేండ్లలో భారత్ గానీ, పాకిస్తాన్ గానీ ఒక్క బాంబునైనా వదులుకోలేదు. మారినది అమెరికా అవసరం మాత్రమే. 2006 మార్చి 2న ఢిల్లీలో అణు ఒప్పందాన్ని ప్రకటించి, మరునాడు బుష్ హైదరాబాద్‌కు వచ్చారు. 1989 నుంచి అమెరికా మార్కెట్‌లో చోటు లేని మన దేశపు మామిడికి తలుపులు తెరుస్తామన్న మాట కూడా ఆ పర్యటనలోనే వచ్చింది. పండ్లను రేడియేషన్‌తో శుద్ధి చేయాలన్న షరతుమీద 2007లో తొలి మామిడి అమెరికా చేరింది. 2008 సెప్టెంబర్ 6న అణు సరఫరా దేశాల బృందం మన దేశానికి ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. 1974లో మన దేశం జరిపిన తొలి అణుపరీక్షకు జవాబుగా పుట్టిన బృందమే అది! బనగానపల్లె మామిడికి పేరుగాంచిన ఈ గడ్డమీద నిలబడి మనం ఈ పాఠం సులభంగానే గ్రహించగలము. శిక్షా, బహుమానమూ రెండూ వారి ప్రయోజనాన్ని బట్టే వచ్చాయి.

బలహీన దేశాలు స్పందించిన సందర్భాలూ చరిత్రలో ఉన్నాయి. 1954లో అమెరికా పసిఫిక్ దీవుల్లో జరిపిన భారీ పరీక్ష తరువాత, పరీక్షలు నిలిపివేయాలని ప్రపంచానికి పిలుపునిచ్చినది మన ప్రధాని నెహ్రూ. 1960 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్ తన తొలి బాంబును అల్జీరియా సహారాలో, వలస పాలనలో మగ్గుతున్న ముస్లిం ప్రజల నేలమీద పేల్చింది. ఘనా తన దేశంలోని ఫ్రెంచి ఆస్తులను స్తంభింపజేసింది. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన నైజీరియా 1961లో ఫ్రెంచి రాయబారిని వెళ్లగొట్టింది. అగ్రరాజ్యాలు మాత్రం ఫ్రాన్స్‌పై ఏ ఆంక్షా విధించలేదు. సోవియట్ ప్రభుత్వం కజకుల నేల సెమిపలతిన్‌స్క్‌లో 456 పరీక్షలు జరిపింది. అక్కడి ప్రజలే ఉద్యమించి, 1991లో ఆ స్థలాన్ని మూయించారు.

ఈ చరిత్ర తెలిసిన తరువాత కూడా "ఇస్లామిక్ బాంబు" అన్న మాట వింటుంటే మనసు కలతపడుతుంది. అమెరికా బాంబును ఎవరూ క్రైస్తవ బాంబు అనలేదు. పాకిస్తాన్ బాంబుకు మాత్రం మతం అంటగట్టారు. ఆ పేరుకు భుట్టో వంటి పాకిస్తాన్ నాయకులు కూడా ఊతమిచ్చారన్నది దాచనక్కర లేదు. దాని ఫలితం మాత్రం ఇక్కడి ముస్లింల నెత్తిన పడింది. సరిహద్దు అవతల బాంబు పేలితే ఇక్కడి సామాన్య ముస్లిం తన దేశభక్తికి సాక్ష్యం చూపాలి. పోఖ్రాన్ పరీక్షలకు నాయకత్వం వహించిన అబ్దుల్ కలాం గారి పేరును ఆ సాక్ష్యంగా వాడుకోవాలి. ఆయన మీద మనకు గౌరవం ఉన్నది. కానీ ఆయన పేరు మన పౌరసత్వానికి జామీను కాదు. నవాబుల సంస్థానమైన ఈ బనగానపల్లె 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసినది. ఆనాటి నుంచి మనం ఈ దేశపు పౌరులము. బాంబును ప్రశంసించి దేశభక్తి నిరూపించుకోవలసిన పని మనకు లేదు. విమర్శించినంత మాత్రాన ద్రోహులమూ కాము.

యుద్ధంలో సైతం స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదని మన ధర్మం బోధిస్తున్నది. ఆ విచక్షణకు ఏమాత్రం వీలులేని ఆయుధం అణుబాంబు. అది ఢిల్లీలో ఉన్నా, ఇస్లామాబాద్‌లో ఉన్నా, వాషింగ్టన్‌లో ఉన్నా మన తీర్పు ఒకటే కావాలి. ఇరాక్‌లో లేని ఆయుధాల పేరుతో 2003లో ఆ దేశాన్ని ధ్వంసం చేసినవారు, అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరని ఇజ్రాయెల్‌ను అడగకపోవడాన్ని మనం తప్పుపడతాము. అదే నోటితో మనవారని తలచినవారి బాంబును మెచ్చుకొంటే, వారి రెండు తూకాలకు మన మూడో తూకం తోడవుతుంది.

మరి మనం చేయగలిగినదేమిటి? అణ్వాయుధాలను పూర్తిగా నిషేధించే ఒప్పందాన్ని 2017 జులై 7న 122 దేశాలు ఆమోదించాయి. 2021 జనవరి 22న అది అమలులోకి వచ్చింది. పరీక్షల బాధ అనుభవించిన కజకిస్తాన్, మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి. బాంబులున్న ఏ దేశమూ చేరలేదు. 1998 తరువాత మన దేశం మళ్లీ పరీక్షలు జరపలేదు. ఆ సంయమనం కొనసాగాలని, ఇరుగుపొరుగు దేశాలు చర్చలు జరపాలని మన ప్రతినిధులను అడగడం మన హక్కు. విద్యుత్తు కోసమని తవ్వినా, అణు పరిశ్రమ మొదలయ్యేది యురేనియం గనిలోనే. ఆ గని మన సీమలోనే ఉన్నది. తుమ్మలపల్లె చుట్టుపక్కల రైతులు తమ బోరునీళ్లు, పంటలు పాడయ్యాయని మొరపెట్టుకొన్నారు. 2024లో కప్పట్రాళ్ల ప్రాంత గ్రామాలు యురేనియం అన్వేషణను వ్యతిరేకించి నిలబడ్డాయి. ఆ గ్రామాల్లో హిందువులు, ముస్లింలు తాగేది ఒకే నీరు. వారి పక్కన నిలబడడం మన బాధ్యత.

అగ్రరాజ్యాల స్పందనలు ప్రయోజనాన్ని బట్టి మారుతాయి. మన స్పందన న్యాయాన్ని బట్టి ఉండాలి. ఆ స్థిరత్వాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించాలని వేడుకొంటూ సెలవు తీసుకొంటున్నాము.