కొత్త లివర్‌లో పాత జబ్బు



కార్జం అంటే అందరికీ తెలుసు. మనిషికి అది పొట్టలో కుడిపక్క, పక్కటెముకల కింద ఉంటుంది. డాక్టర్లు లివర్ అంటారు. పుస్తకాల్లో కాలేయం అని రాస్తారు.

దానికి కేన్సర్ వస్తే, కొందరికి ఆ లివర్ మొత్తం తీసేసి వేరే మనిషిది పెడతారు. చనిపోయిన వారిది పెట్టొచ్చు. బతికున్న చుట్టం తన లివర్‌లో కొంత ముక్క ఇవ్వొచ్చు. మన దేశంలో అలా ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. భార్య భర్తకిస్తుంది. తల్లి బిడ్డకిస్తుంది. ఇచ్చిన ఆమెకు మిగిలిన లివర్ కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది.

ఇంత చేశాక కూడా నూటికి పది, పదిహేను మందికి కేన్సర్ తిరగబెడుతుంది. అప్పుడు ఇంట్లో ఏమంటారు? "దాని లివర్ మంచిది కాదు. అందుకే మళ్ళీ వచ్చింది" అంటారు. పొట్ట కోయించుకున్న మనిషికి ఈ మాట కూడానా! ఆ మాట తప్పు. అన్ని పరీక్షలూ చేసి, మంచిదని తేలాకే ఆమె లివర్ తీసుకుంటారు.

మరి ఎలా వచ్చింది? చేలో వయ్యారిభామ మొక్క ఉందనుకోండి. పూత రాకముందే పీకితే పోతుంది. గింజ రాలాక పీకితే? కొత్త మట్టి తోలినా అందులోనూ మొలుస్తుంది. ఆ గింజ పాత చేలోదే. కొత్త మట్టిది కాదు. కేన్సర్ కూడా అంతే. ఆపరేషన్‌కు ముందే దాని కణాలు రక్తంలో కలిసిపోతాయి. ఊపిరితిత్తుల్లోనో, ఎముకల్లోనో దాక్కుంటాయి. స్కానింగ్‌లో కూడా కనపడవు. తర్వాత అక్కడే పెరుగుతాయి. కొత్త లివర్‌లోనూ పెరగొచ్చు.

అందుకే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే లివర్ మార్చాలంటారు. ఇటలీ దేశంలో మిలాన్ నగరం డాక్టర్లు 1996లో ఒక లెక్క చెప్పారు. గడ్డ ఒకటే అయితే 5 సెంటీమీటర్లు దాటకూడదు. రెండు మూడు ఉంటే ఏదీ 3 సెంటీమీటర్లు దాటకూడదు. అలా చూసి 48 మందికి లివర్ మార్చారు. వాళ్ళు కనిపెట్టి చూసినంత కాలంలో నలుగురికే కేన్సర్ తిరిగొచ్చింది.

లివర్ మార్చాక రోజూ మాత్రలు వేసుకోవాలి. అవి ఒంట్లోని కాపలాను తగ్గిస్తాయి. లేకుంటే ఒళ్ళు కొత్త లివర్‌ను పరాయిదనుకుని పాడుచేస్తుంది. కాపలా తగ్గితే దాక్కున్న కేన్సర్‌కూ వీలు దొరుకుతుంది. అట్లాగని సొంతంగా మాత్రలు మానకూడదు. ఎంత వేయాలో డాక్టరే చెప్పాలి.

ఎక్కువమందికి మొదటి రెండు మూడేళ్ళలోనే తిరగబెడుతుంది. మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు. "బాగానే ఉన్నాడుగా, బస్సు ఛార్జీలు దండగ" అని పరీక్షలు మానేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. చెప్పిన గడువుకు ఎ.ఎఫ్.పి. రక్తపరీక్ష, పొట్టకీ ఛాతీకీ స్కానింగ్ చేయించాలి. ఒకటి రెండు చోట్లే ఉంటే కొందరికి కోసి తీసేయొచ్చు. చాలాచోట్లకు పాకితే మందులతో కొంతకాలం అదుపు చేస్తారు. పూర్తిగా పోవడం కష్టం.

ఆయన్ని ఆసుపత్రికి తీసుకుపోయిన రోజునే లివర్ ఇచ్చిన ఆమె కూడా చూపించుకోవాలి. ఆమె చీటీలు కూడా ఇంట్లో జాగ్రత్తగా దాచాలి.